ఉద్దానమున బ్రౌజరు విద్య

మహేంద్రగిరి శ్రేణికిని బంగాళాఖాతమునకును నడుమ, టెక్కలి మొదలుకొని ఇచ్ఛాపురము వరకు సాగిన ఇరుకైన తీరభూమి శ్రీకాకుళము జిల్లాకు ఉత్తర ద్వారము. అందులో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు దట్టముగా నలముకొనిన కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతమును జనులు ఉద్దానమందురు. ఆ తోటల జీడిపిక్కలను ఒలిచి, పప్పు చేసి, దేశమంతటికిని పంపు కార్ఖానాలు పలాస-కాశీబుగ్గ జంటపట్టణమున నెలకొన్నవి. రెవెన్యూ కచేరీయు న్యాయస్థానమును టెక్కలిలో నున్నవి. నౌపడ ఉప్పుమళ్ళు దానికి చేరువనే కలవు. ఈ సీమను గూర్చి వ్రాసినవారు 1940 మార్చిలో పలాసయందు జరిగిన అఖిల భారత కిసాన్ మహాసభను గూర్చియు, తరువాతి దశాబ్దముల రైతాంగ పోరాటములను గూర్చియు, తుపానులను గూర్చియు, ఉద్దానపు మూత్రపిండ వ్యాధిని గూర్చియు విస్తారముగా వ్రాసినారు. వానితో తులదూగునంతటి ఘనవిషయము కాకపోయినను, గడచిన పాతికేండ్లలో ఇచటి గృహములన్నిటిని ఏదో యొక విధముగా తాకిన విద్య యొకటి కలదు. తెరపై నొక గడిలో చిరునామా వ్రాసి, ఎచ్చటనో యున్న పుటను తన కన్నుల యెదుటికి రప్పించుకొనుట, అనగా బ్రౌజరును వాడుట, ఆ విద్య. దానిని ఇచటి జనులు ఏ యవసరము కొరకు నేర్చిరో, ఎవరి చేతిమీదుగా నేర్చిరో, ఎంతవరకు నేర్చిరో విచారించుటయే ఈ వ్యాసమునకు పని.

పరుల కన్నులతో చదువుట ఈ తీరమునకు క్రొత్త గాదు. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు ఈ ప్రాంతము గంజాము జిల్లాలోనిది. పిమ్మట విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళము జిల్లా వెలసినప్పుడు అందు భాగమయ్యెను. గంజాము, విశాఖపట్టణము జిల్లాల కూలీలు వేలకొలదిగా ఓడలెక్కి రంగూనునకు బోయి, బియ్యపు మిల్లులలోను రేవులలోను పనిచేసిన కాలమున, వారి క్షేమము ఉత్తరముగాను, వారి సంపాదన మనియార్డరుగాను ఇంటికి వచ్చుచుండెను. ఆ యుత్తరమును చదువగలవారు అనేక గృహములలో లేకపోవుటచేత, బడిపంతులో తపాలా జవానో చదివి వినిపింపవలసి వచ్చెడిది. జవాబును సయితము వారే వ్రాసిపెట్టవలసి వచ్చెడిది. అట్లే భూమి కొన్నవాడు దస్తావేజు లేఖరి యొద్దకును, కచేరీలో మొర పెట్టుకొనువాడు అర్జీలు వ్రాయువాని యొద్దకును పోవుచుండిరి. చెప్పువాడొకడు, వ్రాయువాడొకడు, కాగితముపై వేలిముద్ర మాత్రము చెప్పినవానిది. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించుటతో రంగూను దారి మూసికొనిపోయినను వలస యాగలేదు. హైదరాబాదు, చెన్నై, ముంబయి, అండమాను దీవులు, గుజరాతులోని వేరావళి రేవు, గల్ఫు దేశములు రంగూను స్థానము నాక్రమించినవి. కనుక బ్రౌజరు ఈ తీరమునకు వచ్చునప్పటికి, చదువనేర్చిన మూడవవాని కొక పీట ఇచట తరతరములుగా వేసియే యున్నది.

బ్రౌజరు పుట్టుక యిటీవలిదే. జెనీవా సమీపమున సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధనాలయమున పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు 1990లో తొలి బ్రౌజరును నిర్మించెను. ఆ విద్య నెవరైనను మూల్యము చెల్లింపక వాడుకొనవచ్చునని సెర్న్ వారు 1993 ఏప్రిల్ 30న లోకమునకు వదలిపెట్టిరి. అదే సంవత్సరమున అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున సిద్ధమైన మొజాయిక్, అక్షరముల సరసనే బొమ్మలను గూడ ఒకే పుటయందు జూపి, పండితుల పరికరమును సామాన్యుల వేడుకగా మార్చెను. 1994లో నెట్‌స్కేప్, 1995లో మైక్రోసాఫ్టు వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు వెలువడినవి. మన దేశమున విదేశ్ సంచార్ నిగమ్ వారు 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్టు సేవను ప్రారంభించిరి గాని, అది తొలుత మహానగరముల వరకే. టెలిఫోను తీగపై సెకనుకు 9.6 కిలోబిట్ల వేగముతో, ఏ యాటంకమును లేకున్నను, ఒక మెగాబైటు ఛాయాచిత్రము దిగుటకు సుమారు 14 నిమిషములు పట్టెడిది. ఉద్దానపు రైతునకు అప్పటికి దూరపు మాట వినుటయే గొప్ప. 1984లో స్థాపితమైన సి-డాట్ సంస్థ రూపొందించిన చిన్న ఎక్స్ఛేంజీల పుణ్యమున పల్లెలకు టెలిఫోను సమీపించి, సంతవీథులలో ఎస్.టీ.డీ. బూతులు వెలసి, రాత్రివేళ రుసుము తగ్గిన పిమ్మట దూరమున నున్న కొడుకుతో మాటలాడుటకు తల్లిదండ్రులు వానిముందు బారులు తీరుచుండిరి.

ఆ బూతులే కాలక్రమమున రూపాంతరము చెందినవి. మొదట జిరాక్సు యంత్రము వచ్చెను. పిమ్మట పెండ్లి శుభలేఖల కొరకు డీ.టీ.పీ. కంప్యూటరు వచ్చెను, చివరకు బోర్డుపై ఇంటర్నెట్ అను మాట చేరెను. జనులు దానిని నెట్ సెంటరనిరి. 2000 అక్టోబరులో బీ.ఎస్.ఎన్.ఎల్. ఏర్పడుటయు, 2001లో టెక్కలిలో ఆదిత్య ఇంజనీరింగు కళాశాల వెలయుటయు, 2005 జనవరిలో బీ.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండు ప్రారంభమగుటయు ఈ మార్పునకు దోహదము చేసినవి. గంటకింత అని చెల్లించి, చెక్కపలకలతో వేరుచేసిన ఇరుకుగదిలో కూర్చుండిన విద్యార్థికి తొలిపాఠము మౌసును పట్టుట. చేయి కదిలినంత తెరపై బాణము కదలుననియు, ఆ బాణము నీలవర్ణమున గీతగీసిన మాటపై నిలిచినప్పుడు చేతిగుర్తుగా మారుననియు, అచట ఒక్కమారు నొక్కిన చాలుననియు, దస్త్రములను తెరచునట్లు రెండుమార్లు నొక్కనక్కరలేదనియు తెలిసికొనుటకు కొంత కాలము పట్టెడిది. తెరమీది నీలపు ఇంగ్లీషు ‘ఈ’ అక్షరమే ఇంటర్నెట్టని అనేకులు నమ్మిరి. అది పుటలను తెచ్చిచూపు సాధనమే గాని ఆ పుటలన్నియు నందులో లేవను భేదము బోధించు గురువు లేకపోయెను. వెనుకకు పోవు మీటను నొక్కిన చూచిన పుట మరల వచ్చుననునది రెండవ పాఠము. పుట రానప్పుడు మరల రప్పించు మీటను నొక్కవలెననునది మూడవది. పని ముగిసిన పిమ్మట తన ఖాతానుండి బయటికి వచ్చి గాని లేవరాదనునది అన్నిటికంటె ముఖ్యమైన నాలుగవ పాఠము. ఈ నాలుగవదానిని నేర్చినవారు మిక్కిలి తక్కువ.

ఈ విద్యకు జనులను పురికొల్పినది కుతూహలము కంటె నవసరము. పదవతరగతి, ఇంటర్మీడియట్ ఫలితములు పూర్వము వార్తాపత్రికలలో అంకెల వరుసలుగా వచ్చుచుండగా, మరునాటి పత్రికల కట్టకొరకు బస్సు నిలయములలో కాచియుండుట పరిపాటి. ఫలితములు వెబ్‌సైటులకు ఎక్కిన తరువాత ఆ గుంపు నెట్ సెంటరునకు మరలెను. హాల్‌టికెట్టు సంఖ్యను గడిలో నింపి మీట నొక్కిన, ఉత్తీర్ణతయే గాక ఏ పాఠ్యాంశమున ఎన్ని మార్కులో గూడ తెలియును. కాని రాష్ట్రమందలి లక్షలాది విద్యార్థులు ఒకే గడియలో అదే తలుపు తట్టుటచేత పుట తెరచుకొనదు. వెనుక నిలిచినవారి తొందర యెక్కువగుటచే కేంద్రము నడుపువాడు తానే సంఖ్యను కొట్టి, తానే చూచి, తానే ముద్రించి కాగితమును చేతికిచ్చెడివాడు. రైలు టికెట్టు విషయమును నిట్టిదే. హావ్‌డా-చెన్నై మార్గమున ప్రధానమగు నిలయము కలిగి, వలసకూలీలకు ప్రయాణారంభ స్థానమైన పలాసలో, 2002 ఆగస్టులో ఐ.ఆర్.సీ.టీ.సీ. ప్రవేశపెట్టిన ఆన్‌లైను రిజర్వేషను ఎంత యుపకరించునో వేరుగ జెప్పనక్కరలేదు. కాని ఆ టికెట్టు కొరకు ఖాతా తెరచినది నెట్ సెంటరువాడు, సంకేతపదము తెలిసినది నెట్ సెంటరువానికి. ఇంజనీరింగు ప్రవేశములకు వెబ్ కౌన్సెలింగు వచ్చినప్పుడు, నాలుగేండ్ల జీవితమును నిర్ణయించు కళాశాలల క్రమమును సయితము పలువురు విద్యార్థులు చీటీపై వ్రాసి యాతనికిచ్చి, ఆతడు నొక్కుచుండగా ప్రక్కన నిలిచి చూచిరి. చూచుటవలననే నేర్చినవారును కలరు. గురువని పిలిపించుకొనకయే ఆతడు గురువయ్యెను. కాని ఆతని పాఠమంతయు వేగముకొరకే గాని వివరణకొరకు గాదు.

మరియొక చిక్కు లిపిది. తెలుగునకు యూనికోడులో 1991లోనే స్థానము లభించినను, కంప్యూటరులు దానిని చూపనేర్చుటకు దశాబ్దమునకు పైగా పట్టెను. అంతవరకు వార్తాపత్రికలు తమతమ ఫాంటులతో తమతమ వెబ్‌సైటులను నడపినవి. ఆ ఫాంటు లేని యంత్రమున తెలుగు వార్త ఇంగ్లీషు అక్షరముల యర్థరహిత సమూహముగా గానవచ్చెడిది. ఒక పత్రిక ఫాంటు రెండవ పత్రిక కుపకరింపదు. వెదకు సాధనములకు ఆ పుటలలో తెలుగున్నదనియే తెలియదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటును వెంట దెచ్చెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యెను. 2004లో వెలువడిన ఫైర్‌ఫాక్సు బ్రౌజరునకు పద్మ అను అనుబంధము తోడై, పత్రికల ఫాంటులను యూనికోడుగా మార్చి చూపెను. 2006లో లేఖిని వచ్చి, ఇంగ్లీషు మీటలపై తెలుగు నుడి కొట్టిన తెలుగు లిపి పడునట్లు చేసెను. కాళీపట్నం రామారావు గారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళమున నెలకొల్పిన కథానిలయము, పత్రికల పాతకట్టలలో చెల్లాచెదరైయుండిన తెలుగు కథలను ప్రోగుచేసి, తరువాతి కాలమున వానిని వెబ్‌సైటులో నుంచుటవలన, ఈ జిల్లాలోని పాఠకుడే గాక కాలిఫోర్నియాలోని పాఠకుడును వానిని బ్రౌజరులో తెరచి చదువగలుగుచున్నాడు. బ్రౌజరు తనకు కావలసిన కాగితమునే గాక తాను కోరిన కథను గూడ తేగలదని ఈ జిల్లావారికి నిరూపించిన మహత్కార్య మది. అయితే సర్కారు పుటల తెలుగు వేరు. గిడుగు రామమూర్తి గారు జనుల నోటి భాషకొరకు పోరాడిన పర్లాకిమిడికి నౌపడనుండి వెళ్ళు చిన్న రైలుమార్గము 1900లోనే పడినది. ఆ మార్గపు టూరుల జనుల ముందర నూరేండ్ల పిమ్మట నిలిచిన వెబ్‌పుటలలో శీర్షిక తెలుగున నుండి, నింపవలసిన గళ్ళన్నియు ఇంగ్లీషున నుండుట విచిత్రమే గదా!

ప్రభుత్వమును ఈ విద్యకు పెద్ద బడియయ్యెను గాని, అది వింతబడి. 2001లో హైదరాబాదున స్థిరపడిన ఈ-సేవ బిల్లుల చెల్లింపును సులభము చేసెను. 2011 నవంబరులో ఆరంభమైన మీసేవ ఆదాయ, కుల, నివాస ధ్రువపత్రములను కచేరీల మెట్లమీదినుండి కేంద్రముల కౌంటరులకు దించి, అధికారి సిరాసంతకమునకు మారుగా డిజిటల్ సంతకమును ప్రవేశపెట్టెను. 2015లో వచ్చిన మీభూమి యనునది భూమి దస్త్రములైన అడంగల్‌ను, 1బీ పత్రమును ఎవరి యింట వారే చూచుకొనుటకు వీలు కల్పించెను. తన సర్వే సంఖ్య క్రింద ఎవరిపేరు వ్రాయబడి యున్నదో తెలిసికొనుటకు కరణముముందు చేతులు కట్టుకొని నిలిచిన తాతల మనుమలకు ఇది సామాన్యమైన మార్పు గాదు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయములు డిజిటల్ అసిస్టెంటను ఉద్యోగిని ఊరిలోనే కూర్చుండబెట్టినవి. అయినను ఈ యేర్పాటు లన్నిటిలోను కౌంటరునకు ఈవల పౌరుడు, ఆవల తెర. తెర ముఖము ఉద్యోగి వైపునకే. పౌరుని చేతికి వచ్చునది రసీదు మాత్రమే. ప్రయాణము తగ్గెను, లంచమునకు సందు తగ్గెను, కాలము మిగిలెను. విద్య మాత్రము కౌంటరు దాటి యీవలకు రాలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో, ఒక్కొకమారు 165 వరకును వీచిన గాలికి ఉద్దానపు కొబ్బరి, జీడితోటలు నేలకొరగెను. విద్యుత్తు స్తంభములు కూలెను. సెల్లు టవరులు మూగవోయెను. పది సంవత్సరములలో జనులు తెరపైకి తరలించుకొనిన వ్యవహారమంతయు ఒక్కరాత్రిలో నందరానిదయ్యెను. దూరదేశములందున్న బిడ్డలు తుపాను మార్గమును బ్రౌజరులలో గంటగంటకును చూడగలిగిరి గాని, తమ యింటి పైకప్పు నిలిచినదో లేదో తెలుపు గొంతు వారికి వినరాలేదు. విద్యుత్తు తిరిగివచ్చిన పిమ్మట నష్టపరిహారపు జాబితాల వంతు వచ్చెను. కూలిన చెట్టు ఎవరి చెట్టో తేల్చవలసినది భూమి దస్త్రము. అందు పేరు సరిగా లేనివారికి, కౌలుకు చేసినవారికి, తండ్రిపేరున నున్న తోటను పంచుకొనిన యన్నదమ్ములకు చిక్కులు వచ్చుట సహజము. తన భూమి వివరమును ఆపద రాకమునుపే ఒకమారు తెరచిచూచి, తప్పున్న దిద్దించుకొనుట ఎంత యవసరమో ఈ తుపాను నేర్పినట్లు ఏ శిక్షణయు నేర్పలేదు.

చూపించుట నేర్పుట కాదని ప్రభుత్వమునకు దోచకపోలేదు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వ మామోదించిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ 6 కోట్ల గ్రామీణ గృహములలో, ఇంటికొకరి చొప్పున, 14 మొదలు 60 ఏండ్ల వయస్సువారికి 20 గంటల శిక్షణను లక్ష్యముగా బెట్టుకొనెను. పరికరమును తెరచుట, ఇంటర్నెట్టున వెదకుట, ఈమెయిలు పంపుట, ప్రభుత్వ సేవలను పొందుట, సొమ్ము చెల్లించుట అందలి పాఠములు. 2024 మార్చి చివర ఆ పథకము ముగియునప్పటికి 6 కోట్లకు పైబడిన జనులు శిక్షితులైరని లెక్క. సంకల్పము ప్రశస్తమైనదే, కాని ఈలోగా లోకము మరియొక దారి బట్టెను. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవుకయై, మౌసు నెన్నడును ముట్టని జీడి కార్ఖానా కార్మికురాలి చేతికి నేరుగా స్మార్ట్‌ఫోను వచ్చెను. గల్ఫులో నున్న భర్తను తెరపై జూచి మాటలాడుటకు ఆమెకు ఏ చిరునామాయు వ్రాయనక్కరలేదు. తెరపై నొక గుర్తును ముట్టిన చాలును. వీడియో కొకటి, సొమ్మున కొకటి, సరకుల కొకటి చొప్పున గుర్తులు పెరిగి, బ్రౌజరు వాని నడుమ మరుగుపడెను. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మన మిత్ర పేరిట 161 సేవలను వాట్సాప్ ద్వారా అందింప మొదలిడిన పిమ్మట సర్కారు పనికి సయితము బ్రౌజరు తప్పనిసరి కాకపోయెను.

అట్లయిన ఈ విద్య యింకను ఎందుకని యడుగువారుందురు. సమాధానము మోసములలో నున్నది. పింఛను పేరిట, కరెంటు బిల్లు పేరిట, పార్సెలు పేరిట వచ్చు సందేశములలో నొక లంకె యుండును. దానిని ముట్టినవెంటనే తెరచుకొనునది బ్రౌజరే. తాను వెదకిన నాడు మరచిపోయిన సాధనము తనను మోసగాడు వెదకిన నాడు ముందు నిలుచును. అప్పుడు పనికివచ్చునది చిరునామా చదువు విద్య. చిరునామా మొదట జంటగీటులున్నచో వానిని దాటి, ఆ పిమ్మట వచ్చు తొలి గీటునకు ముందున్న భాగమును కుడినుండి యెడమకు చదువవలెను. చుక్కలతో విడదీసిన మాటలలో చిట్టచివరివే యజమానిని తెలుపును. చివర ఏపీ, గవ్, ఇన్ అను మూడు మాటలు వరుసగా, నడుమ చుక్కలతో నున్నచో అది రాష్ట్ర ప్రభుత్వమునకు చెందినది. ఆ మాటలే ముందుండి, చివర వేరొక పేరున్నచో అది ఆ వేరొకనిది. తాళపు గుర్తున్నది గదా యని నిశ్చింతపడుటయు తగదు. మార్గమధ్యమున నెవరును మన మాటలను చదువలేరని మాత్రమే అది చెప్పును; ఆవలివాడు సత్యవంతుడని చెప్పదు. తాళమును జూచి జనులు పొరపాటుగా నమ్ముచున్నారని యెంచియే గూగుల్ వారు 2023లో తమ క్రోము బ్రౌజరునుండి ఆ గుర్తును తొలగించిరి. సొమ్ము పోయినవాడు వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెనని గూడ ఈ పాఠముతోడనే చెప్పవలసి యున్నది. ఇవి పది నిమిషములలో నేర్పదగినవి. అయినను ఇరువది యేండ్ల నెట్ సెంటరు సహవాసమున వీనిని విన్నవారు అరుదు, ఏలయన అచట చిరునామా వ్రాసినది ఎల్లప్పుడును మరియొకడు.

కావున ఉద్దానపు బ్రౌజరు చరిత్రనుండి మనము గ్రహింపదగిన దేమన, ఇచటి జనులకు యంత్రములు ఆలస్యముగా వచ్చుట పెద్ద లోపము గాదు; యంత్రము వచ్చిన పిమ్మటను అది పరుల చేతనే యుండుట లోపము. రాయసగాండ్రను నిందింపబని లేదు. రంగూను ఉత్తరమును చదివిన పంతులు లేకున్న ఆ తల్లికి కొడుకు క్షేమమే తెలియకుండెడిది. నెట్ సెంటరువాడు లేకున్న ఎందరో పిల్లల ప్రవేశములు గడువు దాటిపోయెడివి. కాని అక్షరాస్యత వచ్చిన వెనుక ఉత్తరములు చదివిపెట్టుట యను వృత్తి తనంతట తానే యంతరించినట్లు, ఈ మధ్యవర్తిత్వమును నొకనాటికి అనవసరము కావలెను. దానికి క్రొత్త పథకము లక్కరలేదు. సచివాలయమున నున్న తెరను పౌరుని వైపునకు గూడ త్రిప్పి, అడంగల్ కొరకు వచ్చిన రైతు చేతనే చిరునామాను కొట్టించి, తన సర్వే సంఖ్యను ఆతని చేతనే నింపించినచో, ఒక్కొక్క దరఖాస్తునకు అయిదు నిమిషము లధికముగా పట్టును. రద్దీ దినములలో అది సాధ్యము గాదని ఉద్యోగులనవచ్చును. పంటకాలము ముగిసిన తీరిక దినములలోనైనను సాధ్యమే. అట్లు నేర్చిన రైతు మరుసటి తుపాను నాటికి తన తోట వివరమును తానే చూచుకొనగలడు. వానిని జూచి వాని భార్య, ఆమెను జూచి పొరుగువారు నేర్తురు. ప్రక్కవానిని జూచి నేర్చుటయే ఈ తీరమున బ్రౌజరు విద్య వ్యాపించిన మార్గమని చరిత్ర చెప్పుచున్నది గనుక, ఆ మార్గముననే దానిని పూర్తి చేయుట యుక్తము.